పికరాజు గారి సొంత సైటు

ఒక పెద్ద అడవిలో, అంటే అడవికన్నా అడవి సభే ఇంకా పెద్దదిగా ఉన్న ఒక చోట, పికరాజు అనే మగకోకిల ఉండేవాడు. వెబ్‌సైట్లు తయారుచేయడం అతని వృత్తి. జంతువులకు వెబ్‌సైట్లు ఎందుకని అడక్కండి. మనకెందుకో మనం చెప్పగలిగిన రోజున వాటినీ అడుగుదాం.

కథలోకి వెళ్ళేముందు రెండు సంగతులు తెలిసి ఉండాలి. కోకిలల్లో తియ్యగా పాడేది మగదే. అందుకని కొత్త సైటు చూపించమంటే పికరాజు సైటు చూపించేవాడు కాదు, పాడేవాడు. పాట సగంలోకి వచ్చేసరికి వినేవాళ్ళ కళ్ళు వాటంతటవే మూతపడేవి. కళ్ళు మూసుకుని చూస్తే ఏ సైటైనా బాగానే ఉంటుంది.

రెండో సంగతి. కోకిలలు గూడు కట్టవు. కాకి గూట్లో గుడ్డు పెట్టి, అటు తిరిగి పాట అందుకుంటాయి. పికరాజు కూడా అలా పెరిగినవాడే, నల్లరత్నం అనే కాకి గూట్లో. ఆ అలవాటు పనిలోకి కూడా వచ్చింది. అడవిలో నలభై మందికి సైట్లు కట్టినవాడికి తనకంటూ ఒక సైటు లేదు. "త్వరలో వస్తుంది" అన్న పలక ఒకటి ఏడేళ్ళుగా వేలాడుతోంది. ఎవరైనా అడిగితే, "తీరికేదండీ, అన్నీ మీ పనులేనాయె" అనేవాడు. అది వినయమనుకుని వాళ్ళు మురిసిపోయేవారు.

అడవి సభ సైటు కూడా అతను చేసిందే. తెరవగానే ముందు పికరాజు పాట. పాట అయ్యేదాకా తెర మీద పూలు రాలుతుంటాయి, ఇంకేమీ కనిపించదు. తర్వాత సభాధ్యక్షుడు అడవిదున్న మహిషయ్య గారి ఫోటో. ఆయన ఒక తెరకు సరిపోరు కాబట్టి కొమ్ములు పక్క పేజీలో ఉంటాయి. ఆ తర్వాత సభ్యులు నెమలి శిఖివర్మ గారు ఒక్కొక్క ఈకే విప్పుతారు. నూట యాభై ఈకలు. ఇవన్నీ దాటి బతికి బయటపడ్డవాళ్ళకు అట్టడుగున, లేతాకుపచ్చ మీద ముదురాకుపచ్చ అక్షరాలతో 'నీటి వివరాలు' అని ఉంటుంది.

"ఆకుపచ్చ మీద ఆకుపచ్చ ఎందుకయ్యా?" అని మహిషయ్య గారు ఒకసారి అడిగారు.

"అడవి కదండీ," అన్నాడు పికరాజు.

సభంతా చప్పట్లు కొట్టింది. పికరాజుకు ఆస్థాన శిల్పి అనే పదవి, ఆ పదవితోపాటు సభకు ఎదురుగా ఉన్న మామిడిచెట్టు మీద పైకొమ్మ ఇచ్చారు. ఆ కొమ్మ మీద కూర్చుంటే అడవంతా కిందే కనిపిస్తుంది. పికరాజుకు లోకంలో అంతకన్నా ఇష్టమైంది లేదు.

ఆ ఏడు ఎండలు ముందుగా వచ్చాయి. మడుగులు ఒకటొకటిగా ఎండిపోతున్నాయి. ఇవాళ ఎక్కడ నీళ్ళున్నాయి, అక్కడ పులి ఉందా లేదా, ఈ రెండు ముక్కలు తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చే రోజులు. అప్పుడు సభలో తాబేలు కూర్మనాథం గారు లేచి నిలబడ్డారు. లేచారా లేదా అన్నది తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"అధ్యక్షా, నీళ్ళ కోసం పొద్దున మన సైటు తెరిచాను. ఇంకా పికరాజు గారి పాట మూడో చరణంలోనే ఉంది."

"బాగుందా?" అన్నారు మహిషయ్య గారు.

"పాట బాగుంది. నాలుకే ఎండిపోయింది." తాబేలు గారు తల కాస్త లోపలికి తీసుకుని, మళ్ళీ బయటపెట్టారు. "మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరి ఇల్లు వాళ్ళే మోస్తాం. ఎక్కడ కరుకుగా ఉందో ముందు మా వీపుకే తెలుస్తుంది. అందుకని మనవి. ఈసారి కొత్తగా ఏమీ చేయించొద్దు. శిల్పులు తమ సొంత సైట్లు తెచ్చి చూపించాలి. ఏది బాగుంటే అదే ఈ వేసవికి అడవి సైటు. ఆ శిల్పి వేసవంతా ఆ సైటు చెప్పిన చోటే నీళ్ళు తాగాలి. గెలిచినవారిదే మామిడికొమ్మ."

మహిషయ్య గారు సంతకం పెట్టేశారు. చదివి పెట్టే అలవాటు ఆయనకు లేదు. పికరాజు కూడా చదవకుండానే పెట్టాడు. అతనికి వినిపించింది ఒక్కటే, కొమ్మ పోతుందని. గడువు పది రోజులు.

పది రోజుల్లో మొదటి మూడు రోజులూ అతను నిజంగానే ప్రయత్నించాడు. ఖాళీ తెర ముందు కూర్చున్నాడు. ఎవరి ఫోటో పెట్టాలి? ఎవరిని మెప్పించాలి? ఎదురుగా తల ఊపేవాళ్ళు లేకపోతే అతనికి ఒక్క గీత కూడా రాలేదు. నాలుగో రోజు, తనకు తెలిసిన దారే పట్టాడు. కాకి గూటికి వెళ్ళాడు.

నల్లరత్నానికి ఒక సైటు ఉంది. పిల్లలకు నీళ్ళు తేవడానికి రోజూ నాలుగు మడుగులు తిరగలేక తన కోసమే కట్టుకుంది. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు. "ఇవాళ రేగుమడుగులో నీళ్ళున్నాయి. మోకాలి లోతు. పులి తాగి వెళ్ళిపోయింది." అంతే. తడి కాలితో నొక్కినా తెరుచుకుంటుంది, ఎండలో చూసినా కనిపిస్తుంది. ఎందుకంటే ఆమె కాలు ఎప్పుడూ తడే, ఆమె చూసేదెప్పుడూ ఎండలోనే. కుందేళ్ళు, జింకలు గుట్టుగా దాన్నే చూసుకునేవి. కానీ కాకిని సభకు పిలిచే ఆచారం లేదు కాబట్టి అది సభకు తెలియదు.

"పిన్నీ!" అన్నాడు పికరాజు, గొంతులో తేనె కలిపి.

"ఏరా పికం, ఏం కావాలి?"

"ఏమీ వద్దు. నిన్ను చూద్దామని వచ్చా."

"మీ వాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా గూట్లో ఒకటి ఎక్కువవుతుంది. చెప్పు."

"నీ సైటులో ఒక మూల చాలు పిన్నీ. ఇంత పేజీ. పది రోజులు ఉంచుకుని తీసేస్తా."

నల్లరత్నం ముక్కుతో కొమ్మ గీసింది. "నిన్ను పెంచాను. నీ తర్వాత మీవాళ్ళనే ఇద్దరిని పెంచాను. ఇప్పుడు నీ పేజీని కూడా పెంచాలా?"

"నువ్వు కాకపోతే నాకెవరున్నారు?"

ఆ మాటకు కాకులు పడిపోతాయి. అన్ని తరాలుగా పడిపోతూనే ఉన్నాయి. అడిగిన మూల ఇచ్చింది, తాళం కూడా ఇచ్చింది.

గుడ్డుగా ఉన్నప్పుడు ఏదైనా చిన్నదే. మొదటి రోజు మూలలో పికరాజు పేరొకటి వచ్చింది. రెండో రోజు ఫోటో. మూడో రోజు ఆ పేరు పైకి పాకింది. ఐదో రోజుకు నల్లరత్నం పేరు అంచు దాటి కింద పడిపోయింది. ఆరో రోజు ఆమె తాళం పనిచేయడం మానేసింది.

"ఏమిట్రా ఇది?" అని అరిచింది.

"సాంకేతిక కారణాలు పిన్నీ," అన్నాడు పికరాజు పైకొమ్మ మీద నుంచి.

గడువు రోజున సభలో ఆ తెల్లటి తెర తెరిచారు. శిఖివర్మ గారు ముక్కు చిట్లించారు. "ఇదేమిటి, ఇంత బోసిగా ఉంది? ఒక్క ఈకైనా లేదు!"

"దీన్ని నిరాడంబర శైలి అంటారండీ. పట్నంలో ఇప్పుడంతా ఇదే," అన్నాడు పికరాజు.

"నిరాడంబరమంటే నాకు చచ్చేంత ఇష్టం," అన్నారు మహిషయ్య గారు. "నా నిరాడంబరత గురించి ఒక పెద్ద ఫలకం వేయించండి."

తాబేలు గారు మసక కళ్ళతో తెర దగ్గరికి వచ్చి, మొద్దు వేలితో ఒకసారి నొక్కి, నీళ్ళెక్కడో చదివారు. చాలాసేపు పికరాజును చూశారు. "ఇది మీరే కట్టారా?"

"నా చేతులతో," అన్నాడు పికరాజు. కోకిలకు చేతులుండవని సభలో ఎవరికీ తట్టలేదు.

కొమ్మ దక్కింది. ఇక అక్కడి నుంచి చూడాలి సంబరం. శిఖివర్మ గారు వచ్చి, "నిరాడంబరంగానే, ఒక నాలుగు ఈకలు" అన్నారు. పికరాజుకు కాదనడం రాదు, జీవితంలో ఎప్పుడూ అన్నవాడు కాదు. నాలుగు నూట యాభై అయ్యాయి. మహిషయ్య గారి నిరాడంబరత ఫలకం వచ్చింది. ఇంత చేశాక తన పాట లేకపోతే ఏం బాగుంటుందని అదీ పెట్టాడు. నీళ్ళ వాక్యం బోసిగా ఉందని దాని మీద ఒక మామిడాకు కప్పాడు. నొక్కబోతే ఆకు గాలికి కదిలినట్టు పక్కకు జరుగుతుంది. అది చూసి తనే ముగ్ధుడయ్యాడు.

ఆకు కింద వాక్యం మాత్రం మారలేదు. మార్చడానికి ఎవరైనా పొద్దున్నే మడుగుల దగ్గరికి వెళ్ళి చూసి రావాలి కదా. అది చేసేది నల్లరత్నం. ఆమె ఇప్పుడు ఆ పని మానేసింది. "ఇవాళ రేగుమడుగులో నీళ్ళున్నాయి" అని పన్నెండు రోజులుగా ఇవాళే నడుస్తోంది.

పదమూడో రోజు పికరాజు మామిడిపళ్ళ రసంతో సరిపెట్టుకోలేక రేగుమడుగుకు ఎగిరాడు. మడుగు పలకలు పలకలుగా పగిలి ఉంది. ఒడ్డున కూర్మనాథం గారు కూర్చున్నారు.

"రండి రండి. నియమం ప్రకారం మీరు వస్తారని వారం కిందట బయల్దేరాను. నిన్ననే చేరాను."

"నీళ్ళేవండీ?"

"మీ సైటులో ఉన్నాయి కదా."

పికరాజు గొంతు పిడచకట్టుకుపోయింది. ఇంకెక్కడైనా నీళ్ళున్నాయేమో చూద్దామని సైటు తెరిచాడు. కొత్తది కట్టినప్పటినుంచీ అతను దాన్ని వాడటం అదే మొదటిసారి. పాట మొదలైంది. ఆపడానికి మీట కోసం వెతికాడు. పెట్టలేదు. ఎండలో నిలబడి తన పాట తనే మూడు చరణాలూ విన్నాడు. రెండో చరణంలో ఎందుకంత సాగదీశాడో అతనికే అర్థం కాలేదు. తర్వాత ఫలకం. తర్వాత ఈకలు. తొంభయ్యో ఈక దగ్గర తెర ఆగిపోయి, పాట మళ్ళీ మొదటినుంచి వచ్చింది. చివరికి ఆకు వచ్చింది. నొక్కాడు, జరిగింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ జరిగింది. ఆకు వెంట అటూ ఇటూ పొడిచి పొడిచి ముక్కు నొప్పెట్టింది.

"ఏ దరిద్రుడు చేశాడండీ దీన్ని!" అని అరిచాడు.

"కింద పేరుంది చూడండి," అన్నారు తాబేలు గారు మర్యాదగా.

పికరాజు ఆ పేరు చూసి తెర మూసేశాడు. "మరి కుందేళ్ళు, జింకలు ఎలా బతుకుతున్నాయి?" అని అడిగాడు.

"నల్లరత్నమ్మ ఇంకోటి కట్టుకుందట. నాకు తెలియదు. నేను సభ్యుణ్ణి, అనుమతి లేని సైట్లు చూడను," అన్నారు తాబేలు గారు. ఆయన మూతి మాత్రం తడిగా ఉంది.

పికరాజు ఎండుకొమ్మ చాటుకు వెళ్ళి ఆ కొత్త సైటు తెరిచాడు. తెల్లటి తెర మీద ఒక చిన్న గడి, దాని పక్కన ఒకే వాక్యం: "నేను కోకిలను కాను." టిక్కు పెడితేనే లోపలికి.

అటూ ఇటూ చూశాడు. పుట్టిన జాతి, గొంతు, పదవి, అన్నీ ఒకసారి గుర్తొచ్చాయి. నాలుక కూడా గుర్తొచ్చింది. టిక్కు పెట్టాడు.

"ఇవాళ కొండవాగు మలుపులో, ఇసుకలో తవ్విన చెలమలో నీళ్ళున్నాయి. పులి లేదు."

వెళ్ళేసరికి చెలమ దగ్గర కుందేళ్ళున్నాయి, వాటి వెనక వరసలో తలొంచుకుని శిఖివర్మ గారున్నారు, ఆ వెనక చెట్టు చాటున దాక్కున్నాననుకుంటూ మహిషయ్య గారున్నారు. నల్లరత్నం పిల్లకు నీళ్ళు పడుతోంది. తలెత్తి చూసింది.

"ఏరా పికం, టిక్కు పెట్టే వచ్చావా?"

"పెట్టాను పిన్నీ."

"అయితే పాడకుండా తాగి వెళ్ళు."

తాగాడు. మర్నాడు సభ కూడి, అనుమతి లేని సైటు నడుపుతున్నందుకు నల్లరత్నాన్ని తీవ్రంగా ఖండించింది. ఆస్థాన శిల్పి పదవిని మరో వేసవికి పొడిగించింది. మామిడికొమ్మ మీద నుంచి పికరాజు కృతజ్ఞతలు చెప్పబోయి, ఎందుకో కూత రాక, తల మాత్రం ఊపాడు. తర్వాత అందరూ కలిసి చెలమకు వెళ్ళారు.

నీతి: సొంత సైటు మాత్రం ఎన్నడూ కట్టుకోకండి, దాహమేసినప్పుడు తిట్టుకోవడానికి ఇంకెవరూ దొరకరు.