స్నానాల బండ కింది కుండ

ఆ పొద్దున భోజన్న చేయాల్సిన పని ఒక్కటే. ఎండిన పసుపును సంచుల్లోకి ఎత్తి, ట్రాలీ ఆటో మాట్లాడి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పంపించాలి. అంతకుముందు ఒక చాయ్ తాగి వద్దామని వేల్పూర్ బస్టాండు దగ్గరి హోటల్‌కు వెళ్లాడు. అక్కడే కొంప మునిగింది.

హోటల్‌లో మాట ఎక్కడెక్కడో తిరిగి పాత ఇళ్ల మీదికి వచ్చింది. పక్క ఊళ్లో ఎవరో గోడ కూలుస్తుంటే వెండి కడియాలు బయటపడ్డాయట. వెనకటి వాళ్లకు బ్యాంకులా లాకర్లా, ఉన్నదంతా గోడల్లోనో నేలలోనో పెట్టుకునేవాళ్లని భోజన్న పెద్దరికంగా చెప్పి, తమ ఇంట్లోనూ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందన్నాడు. పక్కింటి రాజారాం సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"మీ తాతకు దాసుకునేటంత ఏముండె అన్న? ఉంటె గదా దాసేది."

హోటలంతా నవ్వింది. చాయ్ పోసేవాడు కూడా నవ్వాడు. భోజన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. తనను అంటే పడతాడు. కానీ తాతనా? బతికినన్నాళ్లు ఎవరి ముందూ చేయి చాచని మనిషిని, పోయి ముప్పయ్యేళ్లయ్యాక చాయ్ హోటల్‌లో నిలబెట్టి బికారిని చేస్తారా? పొద్దు గూకేలోగా తాత సొమ్ము తవ్వి తీసి వీడి ముఖాన పెట్టకపోతే తన పేరు భోజన్నే కాదనుకుని, సగం చాయ్ వదిలేసి ఇంటికొచ్చాడు.

ఇంట్లో పాత సంగతులు తెలిసిన మనిషి తల్లి లింగవ్వ ఒక్కతే. ఆమె మొన్ననే నవీపేట్‌లో కూతురింటికి వెళ్లింది. ఫోన్ చేసి అడగవచ్చు. అడిగితే వద్దంటుందని భయపడి అడగలేదు.

మొదట గోడలో దీపం గూడు పగలగొట్టాడు. ఎలుకలు కాపురముంటున్నాయి. తర్వాత పెరట్లో నీళ్లు కాచే మట్టి పొయ్యి కూల్చాడు. బూడిద. ముందరి అర్రలో ఒకప్పుడు వడ్లు పోసుకున్న పాతర ఉండేదని గుర్తొచ్చి నేల తవ్వితే, విరిగిన నాగలి కర్రు దొరికింది. పెళ్లాం ఉమారాణి కూలిన పొయ్యినీ కట్టని సంచులనూ మార్చి మార్చి చూసింది.

"పసుపు గట్లనే ఉన్నది. తాతకు లేదంటె నీకు పొయ్యేదేంది?"

ఈ ఇంటి కోడలే ఆ మాట అనేసరికి భోజన్నకు కోపం రెట్టింపయింది. ఆమెకు జవాబు చెప్పడం దండగనుకుని గట్టు మీద కూర్చుని ఆలోచించాడు. దొంగ ఎక్కడ వెతకడో తాత అక్కడే దాచి ఉంటాడు. రోజూ ఇంటిల్లిపాదీ నీళ్లు పోసుకునే చోట, తడిలో, బండ కింద ఎవడు తవ్వుతాడు? తాత తెలివికి మురిసిపోతూ గడ్డపారతో స్నానాల బండ లేపాడు. మోకాలి లోతున కుండ తగిలింది. పైన మూకుడు బోర్లించి మట్టితో మెత్తి ఉంది. ఊపితే లోపల గల్లుమంది.

ఆ నిమిషమే తెరిచి ఉంటే గొడవ అక్కడితో పోయేది. కానీ రాజారాం చూడకుండా తెరిస్తే ఏం లాభం? గోడ మీదుగా పిలిచాడు. రాజారాం వచ్చి, తానూ ఊపి విని, గబగబా వెళ్లిపోయాడు. పాపం, అతను ఎవరికీ చెప్పలేదు, దారిలో ఎదురైన వాళ్లకు తప్ప. మధ్యాహ్నానికల్లా పెరడు నిండిపోయింది. కుండను నులక మంచం మీద పెట్టారు. ఎవరో ఆడమనిషి బొట్టు పెట్టి బంతిపువ్వు కూడా ఉంచింది.

అంతలో బోధన్ నుంచి చిన్నాన్న కొడుకు మల్లికార్జున్ దిగాడు. హెల్మెట్ తీయకముందే, తాత తనకూ తాతేనని, సగం వాటా తేలేదాకా కుండ మీద చేయి పడొద్దని అన్నాడు. భోజన్నకు ఒళ్లు మండిపోయింది.

"తాత కాలిరిగి మంచాన పడ్డప్పుడు ఏ చెరుకు తోటల పండుకుంటివి రా నువ్వు?"

వీళ్లిట్లా గొంతులు చించుకుంటుంటే మండలాఫీసు నుంచి రెవెన్యూ లెక్కలు చూసే గిర్దావర్ వచ్చాడు. నెమ్మదైన మనిషి. భూమిలో దొరికిన పాత సొమ్ము సంగతి సర్కారుకు చెప్పాలని వివరించి, మీ తాతగారు బాగా కలిగినవారా అని అడిగాడు. భోజన్న, మల్లికార్జున్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పూట వాళ్లిద్దరికీ కలిసిన మాట అదొక్కటే.

"మా తాత శాన బీదోడు సార్. తినెతందుకే లేకుండె," అన్నాడు భోజన్న. మల్లికార్జున్ గట్టిగా తలూపాడు.

అన్నాక గానీ రాజారాం పక్కనే ఉన్నాడని భోజన్నకు గుర్తురాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ రాజారాం నవ్వలేదు సరికదా మండిపడ్డాడు. అంత పెద్దమనిషిని పట్టుకుని అట్లా అనడానికి నోరెట్లా వచ్చిందని, వెండి మొలతాడు లేకుండా ఆయన గడప దాటేవాడే కాదని, పెరడంతా వినేటట్టు చెప్పాడు. గిర్దావర్ కాగితం తీశాడు.

అప్పుడే ఆటో దిగి లింగవ్వ వచ్చింది. పొయ్యి కూలగానే ఉమారాణి ఫోన్ చేసిందట. ముసలామె పక్కకు పడి ఉన్న బండను చూసింది, మంచం మీద పువ్వు పెట్టుకున్న కుండను చూసింది, చివరికి కొడుకును చూసింది.

"తాత సొమ్ము అవ్వ," అన్నాడు భోజన్న మెల్లగా.

"తాతది గాదు కొడుకా, నీదే. నువ్వు పుట్టిన్నాడు మంత్రసాని నీ మాయ, బొడ్డుపేగు గిండ్ల పెట్టి పాతింది. కుక్కలు తవ్వకుంట బండేసినం. బొడ్డు కోసిన కొడవలి ముక్క గూడ దీంట్లనే ఉన్నది. ఇంట్ల ఒక్క రాగి పైసుంటె, మనుమడు సల్లగుండాలని మీ తాత గది గూడ దీంట్లనే ఏసిండు."

భోజన్నకు తాత ముఖం కళ్ల ముందు కదిలింది. ఉన్న ఒక్క పైసానూ తన మీద పెట్టిన మనిషిని ఇందాక సర్కారు ముందు తిండికి లేనివాడన్నాడు. పొద్దుటి కోపం ఇప్పుడు ఎవరి మీద పడాలో తెలియక తన మీదే పడింది.

గిర్దావర్ కాగితం మడిచి, కుండను తాకిన చేతిని రుమాలుతో జాగ్రత్తగా తుడుచుకున్నాడు. బొట్టు పెట్టిన ఆడమనిషి కనిపించలేదు. రాజారాం మాత్రం దగ్గరికొచ్చాడు.

"పొద్దుగాల నేనన్న మాట వాపస్ తీసుకుంటున్న అన్న. మీ తాత దాసిండు."

లింగవ్వ పసుపు తెమ్మంది, ఉన్నచోటే మళ్లీ పాతిపెట్టమంది. గుంటలోకి దిగుతూ భోజన్న తలెత్తి చూస్తే, మల్లికార్జున్ అప్పటికే హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. కోర్టులు, పంచాయితీలు లేకుండా మొత్తం సొత్తు భోజన్నకే దక్కింది.