అధ్యక్షుల వీపు

"మంచుకొండల మీద సూర్యుడు ప్రసాదించిన రంగు పురుషుడి శీలానికి గుర్తు. కరెంటు దీపాల కింద పడుకుని తెచ్చుకున్న రంగు డంబానికి గుర్తు. మొదటిది మన సంస్కృతి, రెండోది మన సమస్య!"

మా మునిసిపాలిటీ వేసిన పురుషుల చర్మారోగ్య కమిటీ మొట్టమొదటి సమావేశంలో చేసిన తీర్మానం ఇది. మగవాళ్ళు సోలారియంకి వెళ్ళొచ్చా, కూడదా అన్నది తేల్చడానికి వేసిన కమిటీ. సోలారియం అంటే మరేం లేదు, మూత ఉన్న పెద్ద గాజుపెట్టె. అందులో బట్టలు విప్పి పడుకుంటే పైనా కిందా దీపాలు వెలిగి, పావుగంటలో ఒంటికి ఎండ తగిలిన రంగు ఎక్కుతుంది. మేం ఎండపెట్టె అంటాం. తీర్మానానికి అనుకూలంగా ఎనిమిది ఓట్లు, వ్యతిరేకంగా ఒకటి. గుండ్రటి అక్షరాల్లో దాన్ని పుస్తకంలోకి ఎక్కించింది నేనే. నా పేరు ఓద్వార్. ఆఫీసులో తపాలా రిజిస్టరు రాస్తాను, కమిటీకి కార్యదర్శిని. ఓటు లేదు, కాఫీ పొయ్యడం మాత్రం నా బాధ్యత.

వ్యతిరేకించిన ఒక్క ఓటూ డాక్టర్ తూరిద్‌ది. కమిటీలో ఆవిడొక్కతే ఆడమనిషి, ఆవిడొక్కతే డాక్టరు కూడా.

"చర్మానికి సంస్కృతి తెలీదు. మీద పడింది కొండ మీది ఎండా, పెట్టెలో దీపమా అని అది ఆరా తీయదు. రెంటికీ కాలుతుంది. పెట్టె ఇంకా దగ్గర్నుంచి కాలుస్తుంది, అంతే తేడా. పైగా మగాళ్ళతో ఇంకో తిప్పలుంది. మీ వీపు మీరు చూసుకోరు, ఇంకొకళ్ళని చూడనివ్వరు!" అని ఆవిడ గోడమీద బొమ్మలు చూపించింది. అంచులు సరిగ్గా లేని పుట్టుమచ్చలు, రెండు రంగుల పుట్టుమచ్చలు, నెలనెలా పెరిగే పుట్టుమచ్చలు. "ఇలాంటిది కనపడితే ఆ వారమే రండి. ఆలస్యం చేస్తే నేను చేయగలిగేది ఏమీ ఉండదు."

కమిటీ ఆవిడకి ధన్యవాదాలు తెలిపి, కేకు తిని, తీర్మానం ఆమోదించింది.

మా సంస్కృతి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నార్వే పడమటి తీరంలో మాది వానల ఊరు. ఈస్టర్ వారం వచ్చిందంటే నారింజపళ్ళూ, చాక్లెట్లూ, ఒక హత్య నవలా మూట కట్టుకుని జనమంతా కొండ మీది గుడిసెలకి పోతారు. పగలంతా మంచు మీద స్కీయింగు. మళ్ళీ మంగళవారం ఆఫీసు. ఆ మంగళవారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర జరిగేది పరీక్షే! మొహం గోధుమరంగులో ఉండాలి, స్కీ అద్దాలు పెట్టుకున్నచోట కళ్ళ చుట్టూ తెల్లటి పట్టీ ఉండాలి. అది లేనివాడి భుజం తట్టి, "ఏమోయ్, ఈస్టర్‌కి ఊళ్ళోనే ఉండిపోయావా?" అని ఇంట్లో ఎవరో పోయినట్టు అడుగుతారు.

నన్ను ఎవరూ అలా అడగలేదు. నాకూ గుడిసె ఉండేది. పదకొండేళ్ళ కిందట నా భార్య విడిపోయినప్పుడు గుడిసె కూడా ఆవిడతో వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు. మొదటి ఏడాది చెప్పడానికి నోరు రాలేదు, రెండో ఏడాది సిగ్గేసింది, ఆ తర్వాత అలవాటైపోయింది. ఈస్టర్ వారమంతా ఇంట్లో తెరలు దించుకుని ఉంటాను. గురువారం మాత్రం తెల్లవారుజామున మొదటి పడవలో, స్కీ సంచి భుజాన వేసుకుని, సముద్రపు పాయకి అవతలి గట్టున ఉన్న ఊరికి పోతాను. అక్కడి ఎండపెట్టెలో స్కీ అద్దాలు పెట్టుకుని పడుకుంటాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడి అమ్మాయి అడిగింది. "కళ్ళకి మేమిచ్చే చిన్న మూతలున్నాయి కదా, అంత పెద్ద అద్దాలెందుకు?"

"నాకు ఇవే అలవాటమ్మా."

"ఓ, స్కీ అద్దాల వాళ్ళా? మూడో గదిలోకి వెళ్ళండి" అంది, చీటీ మీంచి తల ఎత్తకుండా.

ఈ ఏడాది మంగళవారం పరీక్షలో మొదటి స్థానం ఎప్పటిలాగే హల్వార్‌ది. మునిసిపాలిటీ ఆరోగ్య విభాగానికి పెద్ద ఆయనే, కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. భార్య పోయి ఆరేళ్ళయింది, ఒక్కడే ఉంటాడు. మొహం మా ఊరి గోధుమరంగు జున్నులా నిగనిగలాడుతోంది. "మూడు శిఖరాలు ఎక్కాను! చలి మైనస్ ఎనిమిది, ఎండ మాత్రం కుండపోత!" అన్నాడు. "నేను రెండే" అన్నాను వినయంగా. అబద్ధంలోనైనా అధికారిని దాటకూడదు కదా.

హెడ్మాస్టర్ తూర్కెల్ కూడా కమిటీ సభ్యుడే. పై తీర్మానం ఆయన సొంత రచన. "పెట్టెలో పడుకునే మగాడూ ఒక మగాడేనా!" అన్నాడాయన, తన గోధుమరంగు మొహం కిటికీ వెలుతురు వైపు తిప్పి.

రెండో సమావేశం నీళ్ళ మీద తేలే ఆవిరిగదిలో పెట్టారు. లోపల చెమటలు పట్టేదాకా కూచుని, బయటికొచ్చి చల్లటి సముద్రంలో దూకడం మా ఆనవాయితీ. సభ్యుల మధ్య నిస్సంకోచం పెరగడానికట. తూరిద్‌కి ఆ రోజు రోగులున్నారు, రాలేదు. తూర్కెల్ జలుబని చెప్పి కోటు బొత్తాలన్నీ పెట్టుకుని బయట బల్ల మీదే కూచున్నాడు. మిగిలిన ఎనిమిది మందిమి లాగుల్తో లోపలికి వెళ్ళాం. వెళ్ళినవాళ్ళం వెళ్ళినట్టే వీపులు గోడకి అంటించేశాం. బయటికి పోయేటప్పుడు "ముందు నువ్వు" అంటే "కాదు, ముందు నువ్వు" అని మర్యాదలు. చివరికి అందరం పీతల్లా పక్కకి పక్కకి నడిచి గుమ్మం దాటాం. ఎవరి వీపు ఎవరికీ కనపడలేదు. ఎంత సంస్కారవంతులో అనుకున్నాను.

నేను ముందుగా నీళ్ళలో దూకి తేలుతున్నాను. హల్వార్ నన్ను గమనించలేదు. తనూ ఒక మునక వేసి, నా ఎదురుగా నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కాడు. అధ్యక్షుల వీపు మొత్తం నా కళ్ళముందు!

గోధుమరంగు వీపు. రెండు రెక్కల ఎముకల మీదా రెండు తెల్లటి బిళ్ళలు, ఒక్కొక్కటి అరచేతిలో సగం. అవేమిటో లోకంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు. ఎండపెట్టెలో వెల్లకిలా పడుకుంటే ఎముక గాజుకి ఒత్తుకున్నచోట రంగు ఎక్కదు. నా వీపు మీదా అవే రెండు ఉన్నాయి. చొక్కా లేకుండా స్కీయింగు చేసిన మానవుణ్ణి మా దేశంలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

చెప్పొద్దూ, నాకు పండగలా అనిపించింది! మూడు శిఖరాలట! నీళ్ళలోనే నవ్వుకున్నాను. అప్పుడు ఎడమ బిళ్ళ కిందుగా ఇంకోటి కనపడింది. నల్లటి పుట్టుమచ్చ. అంచులు చిరిగిన కాగితంలా ఉన్నాయి, ఒక పక్క నలుపు, ఒక పక్క ఎరుపు. తూరిద్ గోడమీద చూపించిన బొమ్మే అది. నవ్వు ఆగిపోయింది.

మూడు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. ఆయనకి చెప్పకపోతే ఆయన ప్రాణానికి ముప్పు. చెబితే, "ఆ పక్కనున్న తెల్ల బిళ్ళల్ని చూసి ఏమనుకున్నావు?" అంటాడు. అవేమిటో నాకు తెలుసని మొహమే చెప్పేస్తుంది. ఎలా తెలుసో కూడా చెప్పేస్తుంది. పదకొండేళ్ళ పరువు! ఒక మనిషి ప్రాణం పక్కన దాన్ని పెట్టి మూడు రోజులు తూచానంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. కానీ తూచాను.

నాలుగో రోజు సంతకం లేని ఉత్తరం ఒకటి టైపు చేసి ఆయన ఇంటికి పోస్టు చేశాను. "మీ వీపు వెంటనే డాక్టరుకి చూపించుకోండి. ఒక హితుడు."

మర్నాడు ఉదయం హల్వార్ దాన్ని తెచ్చి నా బల్ల మీద కొట్టాడు.

"చూశావా ఓద్వార్? బెదిరింపు ఉత్తరం! రిజిస్టర్లో ఎక్కించు."

"ఇది నీ ఇంటికి వచ్చింది కదా, ఎక్కించడం ఎందుకూ?"

"నేను అధ్యక్షుణ్ణి. నా వీపు కమిటీ పరిధిలోకే వస్తుంది. ఎక్కించు!"

మా దేశంలో తపాలా రిజిస్టరు ఎవరైనా చదవచ్చు, విలేకర్లు పొద్దున్నే చదువుతారు. నా ఉత్తరానికి నేనే నంబరు వేసి, "విషయం: అధ్యక్షుల వీపు. పంపినవారు: తెలియదు. చర్య: అవసరం లేదు" అని రాశాను. ఆ చివరి మాట రాశాక ఇక కూచోలేకపోయాను. లేచి ఆయన గదిలోకి వెళ్ళి తలుపేశాను.

"హల్వార్, ఆ ఉత్తరం నాదే. నీ వీపు మీద పుట్టుమచ్చ ఉంది. అది మంచిది కాదు. ఇవాళే తూరిద్ దగ్గరికి పద."

ఆయన కుర్చీ వెనక్కి జరిపి గోడకి ఆనించాడు. "నా వీపు నువ్వెప్పుడు చూశావు?"

"నిచ్చెన మీద."

"ఇంకేం చూశావు?"

"ఇంకేం లేదు."

"నిజంగా?"

"రెండు తెల్ల బిళ్ళలు తప్ప ఇంకేం లేదు."

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆరు వారాలు ఆగు. అప్పటికి రంగంతా పోతుంది, బిళ్ళలు కనపడవు. అప్పుడు చూపించుకుంటాను. ఇప్పుడు చొక్కా విప్పితే తూరిద్ నన్నేమనుకుంటుంది? ఆ తీర్మానం కింద సంతకం నాది!" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆరు వారాలా? నీకేమైనా మతి ఉందా? శవపేటికలో పడుకున్నాక ఎవడు చూస్తాడయ్యా నీ రంగు!" అని అరిచి, ఏం చేస్తున్నానో తెలిసే లోపల నా చొక్కా విప్పి వెనక్కి తిరిగాను.

వెనక కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి దగ్గరికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, వంగి చూశాడు.

"నీవి నావాటికంటే పెద్దవి" అన్నాడు చివరికి, కాస్త నొచ్చుకున్నట్టు. "ఎక్కడ?"

"అవతలి గట్టు."

"ఏ గది?"

"మూడు."

"నాదీ మూడే! నేను శుక్రవారం వెళ్తాను." కూలబడ్డాడు. "నాకు గుడిసె ఉందిరా ఓద్వార్. మోకాళ్ళే లేవు. ఆమె పోయాక ఒక్కసారి కూడా స్కీలు కట్టలేదు."

"నాకు మోకాళ్ళున్నాయి, గుడిసె లేదు" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ మధ్యాహ్నమే తూరిద్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. వారంలో కోసి తీసేశారు. కేన్సరే! ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే మాత్రం కష్టమయ్యేదట.

ఇంతటితో కథ అయిపోయి, అధ్యక్షుడు నిజం చెప్పి, కమిటీ బుద్ధి తెచ్చుకుంటే బాగుండేది. కానీ మాది కమిటీ!

చివరి సమావేశంలో హల్వార్ లేచి గంభీరంగా అన్నాడు. "నాకు జరిగిన శస్త్రచికిత్స మీకందరికీ తెలుసు. దానికి కారణం కొండ మీది ఎండ! అందుకని నివేదికలో చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. నలభై దాటిన పురుషులు ఈస్టర్‌కి కొండలెక్కరాదు. ఎండపెట్టెల విషయంలో తగినన్ని ఆధారాలు లభించలేదు."

నేను కలం పట్టుకుని ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూడలేదు. సవరణని హెడ్మాస్టర్ తూర్కెల్ బలపరిచాడు.

తూరిద్ అన్నీ విని, సంచిలోంచి తన చిన్న భూతద్దం తీసింది. "మంచిది. ఒకరి రోగం ఇంకొకరికి చెప్పను, అది నా వృత్తి ధర్మం. కానీ కొండలు అంత ప్రమాదమైతే మీ అందరికీ గండమే. ఈస్టర్‌కి కొండకి వెళ్ళినవాళ్ళందరూ చొక్కాలు విప్పండి, ఇప్పుడే చూస్తాను. ఎవరెవరు వెళ్ళారు?"

ఒక్క చెయ్యీ లేవలేదు. కాసేపటికి ఒకాయన గొంతు సవరించుకుని, "ఈ ఏడాది మా పైకప్పు కారిందండీ, వెళ్ళలేదు" అన్నాడు. ఇంకొకాయన అత్తగారికి బాగోలేదన్నాడు. మరొకాయన అసలు తనకి మంచంటే పడదన్నాడు. అయిదు నిమిషాల్లో కమిటీ మొత్తం కొండ దిగిపోయింది.

"అయితే ఈ గదిలో ఎవరూ కొండకి పోలేదు. మీ మొహాలు మాత్రం పోయొచ్చాయి" అంది తూరిద్, కళ్ళ చుట్టూ తెల్లపట్టీలున్న తొమ్మిది గోధుమరంగు మొహాల్నీ వరసగా చూస్తూ.

నేను కలం కింద పెట్టి చొక్కా విప్పాను. రెండోసారి కదా, అంత కష్టమనిపించలేదు. నన్ను చూసి హల్వార్ లేచాడు, కిటికీ తెరలు లాగాడు, తనూ విప్పాడు. ఎడమ బిళ్ళ కింద కుట్లు ఎర్రగా ఉన్నాయి. ఆ కుట్లు చూశాక మిగిలినవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు బొత్తాలు తీశారు. వరసగా వీపులు, ప్రతి వీపు మీదా రెండేసి తెల్ల బిళ్ళలు. తూరిద్ ఎడమ చివర్నుంచి మొదలుపెట్టింది. రెండుచోట్ల ఆగింది, రెండుచోట్లా ఎక్కువసేపు ఆగింది, రెండు చీటీలు రాసి ఇచ్చింది. ఆసుపత్రికి, ఈ వారంలోనే.

అందరికంటే చివర నిలబడ్డవాడు తూర్కెల్. "నాకు అవసరం లేదండీ" అంటూనే ఉన్నాడు. తూరిద్ కాలరు పట్టుకుని లాగింది.

పాలలా తెల్లటి వీపు! మెడ దగ్గర గీత గీసినట్టు గోధుమరంగు ఆగిపోయింది. చొక్కా కాలరు లోపలివైపు అదే రంగు మరకలు. ఆ మహానుభావుడు కొండకీ పోలేదు, పెట్టెలోనూ పడుకోలేదు. ఏదో క్రీము తెచ్చి మొహానికి పూసుకున్నాడు!

తూరిద్ భూతద్దంతో వీపంతా చూసి, "చక్కగా ఉంది. ఇంత ఆరోగ్యమైన వీపు ఈ గదిలో ఇదొక్కటే" అంది.

మేమంతా గొల్లుమన్నాం. "క్రీమా! ఒరే తూర్కెల్, నువ్వూ ఒక మగాడివేనా!" అని హల్వార్ కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు. తూర్కెల్ చొక్కా గుండెలకి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, మూలకి జరిగి నిలబడ్డాడు. ఆసుపత్రి చీటీలు అందుకున్న ఇద్దరూ అందరికంటే గట్టిగా నవ్వారు. వాళ్ళలో ఒకణ్ణి నేను.