ఇకామా ప్రకారం నేను వెల్డర్‌ని!

మనిషి తానెవరో తెలుసుకోవాలంటే తపస్సు అక్కర్లేదండీ. సౌదీలో ఉండనిచ్చే ఇకామా కార్డు చాలు!

నేను బీకాం. రియాద్‌లో ఒక కంపెనీ ఆఫీసులో ఆరేళ్లుగా లెటర్లు టైపు చేస్తున్నాను. వచ్చేటప్పుడు కడప ఏజెంటు దగ్గర వెల్డర్ వీసా ఒక్కటే మిగిలిందట. "పేపర్లోనే కదా ఖాదర్ భాయ్, ఎవురు చూస్తారు?" అన్నాడు.

ఆరేళ్లు ఎవరూ చూడలేదు. ఈమధ్య చూశారు! ఇకామాలో ఏ వృత్తి రాసుంటే ఆ పరీక్ష పాసవ్వాలని సర్కారు రూలు పెట్టింది. నేను మూడు వారాల్లో వెల్డింగ్ పరీక్ష పాసవ్వాలట. లేదంటే ఫైనల్ ఎగ్జిట్, ఇంటికే!

ఎంత అదృష్టం! నలభై రెండేళ్ల వయసులో కొత్త విద్య నేర్చుకోమని ఇంత ప్రేమగా ఎవరు బెదిరిస్తారు?

మా వర్క్‌షాప్‌లో ఇరవై రెండేళ్లుగా వెల్డింగ్ చేస్తున్న జగిత్యాల అంజన్న నాకు గురువయ్యాడు. మొదటిరోజు రాడ్ తగిలించగానే ప్లేటుకు అతుక్కుపోయింది. లాగితే ప్లేటుతో సహా లేచొచ్చింది!

"పొడవకు తమ్మీ! అగ్గిపుల్ల గీసినట్టు గియ్యి!"

గీశాను. బొక్క పడింది. పక్కన గీశాను. ఇంకా పెద్ద బొక్క!

"అతుకుమంటే జల్లెడ జేస్తున్నవేంది?" అని తల పట్టుకున్నాడు అంజన్న.

మూడోరోజు ముఖం మీదికి షీల్డ్ దించడం మరిచి మంటను చూశాను. మర్నాడు కళ్లలో ఇసుక పోసినట్టే! ధారగా కన్నీళ్లు కారుస్తూ లెటర్లు టైపు చేస్తుంటే మేనేజరు కరిగిపోయి, అడక్కుండానే సెలవిచ్చాడు. ఆరేళ్లలో ఎన్నడైనా ఇచ్చాడా?

నా మొదటి అతుకును వీడియో కాల్‌లో మా ఆవిడ సురయ్యాకు గర్వంగా చూపించాను. "ఏందది, జెర్రి పాకిందా?" అంది.

పద్దెనిమిదో రోజున అంజన్న సుత్తితో కొట్టినా నా అతుకు ఊడలేదు! ఇద్దరం చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం. పరీక్ష పాసయ్యాను. శుక్రవారం బతా బజారులో అందరికీ బిర్యానీ పెట్టాను.

ఇంత పండితుణ్ని కంపెనీ టైపింగ్‌కు వదిలేస్తుందా? సర్టిఫికెట్ ఉన్న ఏకైక వెల్డర్‌ని కదా! వర్క్‌షాప్ అతుకులన్నీ చెక్ చేసి సంతకం పెట్టే పని నాకే అప్పగించారు.

మరి అంజన్న? ఆయన వెల్డింగ్ పరీక్షకు పనికిరాడండీ. ఆయన ఇకామాలో వృత్తి వంటవాడు!

నిన్న ఆయన పెద్ద నీళ్ల ట్యాంకుకు అతుకు పూర్తిచేసి, చెమట తుడుచుకుంటూ కాగితం నా ముందు పెట్టాడు.

"నీ పని బాగుందని చెప్పడానికి నేనెవుర్ని అంజన్నా?" అన్నాను సిగ్గుతో.

"జల్ది సంతకం వెట్టు తమ్మీ. వచ్చే వారం నాకు వంట పరీక్ష ఉన్నది. గుడ్డు ఎంతసేపు ఉడకవెట్టాల్నో నీకేమన్న ఎరుకనా?"