ఫోటోకు అడ్డొచ్చిన షంషున్నీసా

ఫోటోలో అడ్డొచ్చిన మనిషిని వేలితో రుద్ది మాయం చేసే సౌకర్యాన్ని ఫోన్లలో పెట్టినవాడెవడో గానీ, వాడి విగ్రహాన్ని ప్రతి నాలుగురోడ్ల కూడలిలోనూ నిలబెట్టాలి! నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

పెళ్ళి గ్రూప్ ఫోటోలో అలిగి మొహం మాడ్చుకున్న తోడల్లుడు ఉన్నాడా? ఒక్క రుద్దు! మస్కట్‌లోని మత్రా సముద్రపు ఒడ్డున మీ ఆవిడ అస్తమించే సూర్యుణ్ణి అరచేతిలో పట్టుకుని పోజిస్తుంటే, వెనక బనీనుతో సిగరెట్ కాలుస్తున్న పెద్దమనిషి పడ్డాడా? ఇంకో రుద్దు! పూర్వం ఇలాంటివాళ్ళను వదిలించుకోవాలంటే ఎంత రభస! ఇప్పుడు మనిషికి తెలియకుండానే మనిషి పోతాడు, ఇరుపక్షాలకూ మర్యాద మిగులుతుంది.

నమ్మకపోతే అదే మస్కట్‌లో షంషున్నీసా సంగతి వినండి.

అక్కడొక మ్యూజియంలో, ఒక షావుకారు సొంతంగా పోగుచేసుకున్న పాత డచ్, ఫ్లెమిష్ చిత్రాలను వేలాడదీశారు. సగం ఒలిచిన నిమ్మకాయలు, చచ్చిన చేపలు, లేసు కాలర్ల పెద్దమనుషులు. వాటి ముందు గచ్చు తుడిచే డ్యూటీ కడప షంషున్నీసాది. ఆ బొమ్మలన్నింటిలో ఆమెకు నచ్చింది ఒక్కటే. ఎవరింట్లోనో చీపురు పట్టుకుని నిలబడ్డ పనిమనిషి. నాలుగు వందల ఏళ్ళుగా ఊడుస్తూనే ఉంది పాపం, ఇంకా అవలేదు.

షంషున్నీసాకు ఒకే ఒక్క కోరిక. ఆ బొమ్మ పక్కన తన ఫోటో కావాలి. కడపలో చెల్లెలు జైనబీ దగ్గర ఉంటూ చదువుకుంటున్న కూతురు అల్ఫియా, "మా అమ్మీ రాజుల బంగళా మాదిరి చోట పనిచేస్తాది" అని బళ్ళో చెప్పుకుంటే, తోటి పిల్లలు "అన్నీ కోతలే" అని ఏడిపిస్తున్నారు. డ్యూటీలో ఫోన్ లాకర్లో పెట్టాలని కంపెనీ రూలు. మరి ఫోటో ఎవరు తీస్తారు?

మొన్న శుక్రవారం ఆ అవకాశం అదే ఊళ్ళోని వాడి కబీర్ అనే పేట నుంచి నడిచొచ్చింది. పేరు సంగీత మేడమ్.

"దీదీ, థోడా సైడ్," అంది సంగీత, ఆ పనిమనిషి బొమ్మకు ఫోన్ ఎత్తి.

షంషున్నీసా జరిగింది. ఇంకా జరుగుదామంటే వెనక తాడు, దానికి తగిలితే అలారం కుయ్యోమంటుంది. దాంతో మాప్ కర్రతో సహా ఫోటో అంచున పడింది. ఏం ఫరవాలేదు, రుద్దే సౌకర్యం ఉందిగా! అడ్డొచ్చినవాళ్ళను ఫోనే వెతికి, చుట్టూ గీత గీసి చూపించింది. సంగీత సరిగా చూడకుండానే నొక్కేసింది.

"అయ్యయ్యో! బొమ్మలో పనిమనిషి కూడా పోయింది!"

చూశారా ఫోన్ నిష్పక్షపాతం! ఊడ్చేవాళ్ళు ఇద్దరు కనిపించారు, ఇద్దర్నీ ఊడ్చేసింది. కులం, మతం, శతాబ్దం ఏదీ చూడలేదు. సంగీత కంగారుగా వెనక్కి నొక్కింది. డచ్ పనిమనిషి తిరిగొచ్చింది. ఆవిడ పుణ్యమా అని కడప పనిమనిషీ తిరిగొచ్చింది.

ఆ తెలుగు కేక వినేసరికి షంషున్నీసాకు ప్రాణం లేచొచ్చింది.

"మీరు తెలుగోళ్ళా మేడమ్? ఆ ఫోటో నాకొకటి పంపిస్తారా? మా పాపకు చూపించాల."

"అయ్యో, అంతకంటేనా అక్కా! నంబర్ చెప్పండి."

ఎంత మంచి మనసో చూడండి! డ్యూటీ దిగి, లాకర్లోంచి ఫోన్ తీసేసరికి ఫోటో వచ్చే ఉంది. షంషున్నీసా ఆత్రంలో తెరిచి చూడకుండానే కూతురికి పంపేసింది. హమ్రియా పేటలోని తన రూముకు చేరాక తీరిగ్గా సంగీత మెసేజ్ చదివింది.

"అక్కా, మీరు అడ్డొచ్చారు కదా, ఈసారి జాగ్రత్తగా మిమ్మల్ని మాత్రమే తీసేశాను. పాపకు బొమ్మ నీట్‌గా కనిపిస్తుంది!"

అంతలో కడప నుంచి ఫోన్. "అమ్మీ, చీపురు పట్టుకున్న ఈ తెల్లామె ఎవరు? నువ్వు యాడుండావు?"

షంషున్నీసా ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. తను నిలబడ్డ చోట గచ్చు తళతళలాడుతోంది.

"కుడిపక్క నేల చూడు బేటా. అది తుడిచింది నేనే," అంది.

బళ్ళో పిల్లలు నమ్మలేదట. ఎందుకు నమ్ముతారు చెప్పండి! ఎదురుగా నిలబడి, అక్కా అని పిలిచి, నంబర్ అడిగి తీసుకున్న మేడమ్ గారికే అక్కడొక మనిషి ఉందని తోచలేదు.