వెనక దీపానికి గుగ్గిలం

ప్రేమలీలకు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పది నెలల తన కొడుకును ఆడబిడ్డ రెబెక్కమ్మ పెంచుకుంటానని తీసుకుపోతుందేమోనని. కలరా, తుఫాను, దొంగలు, ఇవన్నీ దాని తరవాతే.

రెబెక్కమ్మ బుచ్చిరెడ్డిపాలెంలో టీచరు. ట్రైనింగు అయిన టీచరు. ఆమెకు పిల్లలు లేరు, అందుకే పిల్లల్ని ఎలా పెంచాలో బాగా తెలుసు. ప్రేమలీల చదువు ఏడో తరగతి సగంలో, తమ్ముడికి మశూచి వచ్చిన ఏడాది ఆగిపోయింది. ఆ సంగతి రెబెక్కమ్మ గుర్తుచేయని పండగ లేదు.

"బిడ్డకు పాలు పట్టేదానికి గూడా చదువుండాల పిల్లా. మూడేళ్ళు నా కాడ వదిలిపెట్టు, మనిషిని చేసి పంపిస్తా" అంది పోయిన క్రిస్మసుకు. బిడ్డ అప్పటికే మనిషేనని ప్రేమలీల అనుకుంది.

ఆ శనివారం ఉదయం చేయవలసిన పని చాలా చిన్నది. అల్లూరు నుంచి బిడ్డను తీసుకుని బుచ్చికి పోవడం, భోంచేయడం, బస్సెక్కి తిరిగి రావడం. వచ్చేదానికి రెబెక్కమ్మ తన భర్త తిమోతి గారి మోటారు సైకిలునే తమ్ముడికి, అంటే ప్రేమలీల మొగుడు హెబ్రోనుకు, ఇచ్చి పంపింది. తిమోతి గారు రోజూ మొహం కడుక్కోకపోయినా పరవాలేదు గానీ, ఆ బండిని తుడవకుండా ఉండడు.

అటువంటి బండి వెనక దీపం ఎర్ర ప్లాస్టిక్ మూత మీద బిడ్డ ఇత్తడి గ్లాసుతో ఒక్కటి పెట్టాడు. బిడ్డ పేరు సమాధానం. మూత అడ్డంగా పగిలింది.

"మీ అక్క చూస్తే ఏమంటుందో తెలుసునా?" అంది ప్రేమలీల.

"ఏమంటుంది?" అన్నాడు హెబ్రోను.

"'తల్లి కళ్ళు యాడ పెట్టుకోనుండాది' అంటుంది. ఆ మాటంటానే బిడ్డను ఎత్తుకుంటుంది. ఇంక దించదు."

"నువ్వు వూరికే బెదరబాక. కత్తి కాల్చి తాకిస్తే ప్లాస్టిక్కు అదే అతుక్కుంటుంది. మా ఆఫీసులో ఒకాయన దువ్వెన అట్టనే అతికించినాడు."

హెబ్రోను కూరగాయల కత్తిని పొయ్యిలో ఎర్రగా కాల్చి తాకించాడు. వెంట్రుకంత పగులు ఉన్నచోట రూపాయి బిళ్ళంత కంత పడింది.

"దువ్వెన వేరే ప్లాస్టిక్కేమో" అన్నాడు గంభీరంగా.

ఇంటి వెనక కాపురముండే మునెయ్య, కాలువ గట్టున పడవలు బాగుచేసేవాడు. కాలిన వాసనకు గోడ మీదుగా తొంగి చూశాడు.

"దీనికా ఇంత యాగీ! సముద్రాన్నే బయట నిలబెట్టే సరుకు మన కాడ వుంటే ఈ బుడ్డ మూత ఒక లెక్కా అబ్బయా?"

సరుకు అంటే గుగ్గిలం. పొడిచేసి చేపనూనెలో ఉడకబెట్టిన ముద్ద. మునెయ్య ముంత తెచ్చి ప్రేమగా కంతకు పూశాడు. వీధి చివరి దాకా వాసన కొట్టింది.

"వాసన పోతుందా అన్నా?" అడిగింది ప్రేమలీల ముక్కు మూసుకుని.

"ఆరితే పోతుందమ్మా."

"ఎప్పటికి ఆరుతుంది?"

"ఏమో తల్లీ. పూసినాక పడవను నీళ్ళలోకి తోసేస్తాం. ఆరిందా లేదా అని ఎవురు మునిగి చూసినారు?"

అప్పటికే సమాధానం ముంతలో రెండు చేతులూ ముంచి తలకు రాసుకున్నాడు. సబ్బుతో తోమితే ముద్ద పోయింది, నూనె పోలేదు.

ఇంకొక చిక్కు. మూత ఎరుపు, ముద్ద బెల్లం రంగు. ఎరుపు కలపాలంటే ఆ పూట దొరికేది కుంకుమ ఒక్కటే. క్రైస్తవుల ఇంట్లో కుంకుమ ఎక్కడిది? ప్రేమలీల పక్కింటి చెంచమ్మను అడిగింది.

చెంచమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎన్నాళ్ళకు బుద్ధి పుట్టింది తల్లీ!"

"నాకు గాదక్కా, బండికి."

"బండికే కానీ. ముందు బండి, తరవాత మనుషులు!" అంటూ ఒక నిమ్మకాయ కూడా తెచ్చి చక్రం కింద పెట్టి, ఈ శుభవార్త చెప్పడానికి వీధిలోకి పరుగెత్తింది. ప్రేమలీల ముద్దకు కుంకుమ అద్ది, ఆ చేత్తోనే బిడ్డ మొహం తుడిచి ఎక్కింది. చెంచమ్మ వీధి తిరిగి వచ్చేలోపల హెబ్రోను నిమ్మకాయను తొక్కించి బండి లేవదీశాడు.

అల్లూరు దాటకముందే వెనక ఒక కుక్క తగులుకుంది. తరవాత దాని బంధువర్గం. ఊరి కుక్కలు పొలిమేర దాకా వచ్చి, అక్కడ కాచుకున్న పక్క ఊరి కుక్కలకు చార్జి అప్పగించి వెళ్ళాయి. సర్కారు ఆఫీసుల్లో కూడా ఇంత సక్రమంగా జరగదు.

"వేగంగా పోండి, ఎగబడతా వుండాయి!"

హెబ్రోను వేగం పెంచాడు.

"అంత వేగమా! బిడ్డ పడతాడు!"

తగ్గించాడు.

"నిలబెట్టినారేందండీ!"

ఈ బోధ ప్రకారం బండి బుచ్చిరెడ్డిపాలెం చేరింది. సమాధానం మాత్రం దారి పొడుగునా కుక్కలకు చప్పట్లు కొట్టాడు.

రెబెక్కమ్మ గంజిపెట్టిన తెల్లచీరలో వరండాలో నిలబడి ఉంది. ఆమె వెనక కొత్త ఉయ్యాల. ఉయ్యాలలో మడతలు పెట్టిన చొక్కాలు, చిన్నవీ, ఇంకాస్త పెద్దవీ, మూడేళ్ళ పిల్లవాడికి సరిపోయేవీ. ప్రేమలీల బిడ్డను గట్టిగా హత్తుకుంది. ఇది భోజనానికి పిలుపు కాదు.

"దా నాయనా, అత్త కాడికి" అని రెబెక్కమ్మ బిడ్డను లాక్కున్నట్టే అందుకుంది. "వీడు ఇంక యాడికీ పోడు. రాత్రే మా ఆయనతో గూడా చెప్పేసినా. నువ్వేం ఏడవబాక పిల్లా, ఆదివారాలు వచ్చి చూసుకోని పో."

"వదినా..." అంది ప్రేమలీల. ఏడో తరగతి సగంలో ఆగిన చదువు బిడ్డ కోసం చేతులు చాచడం దాకే నేర్పింది.

అంతలో రెబెక్కమ్మ బిడ్డ నుదుటి మీద ఎర్రమరక చూసింది. "ఏందిదీ? బొట్టు పెట్టినావా! దేవుడి బిడ్డకు బొట్టా!"

జవాబు చెప్పే అవసరం రాలేదు. వెనకపడిన కుక్కలు గేటు దాటి వచ్చాయి. సగం బండి దగ్గర ఆగాయి. మిగతా సగం, చేపనూనె ఎక్కువగా ఉన్నది ఎక్కడో తెలిసినవి, వరండా ఎక్కాయి. కరిచే ఉద్దేశం వాటికి లేదు, నాకాలనే. రెబెక్కమ్మకు ఆ తేడా తెలియలేదు. ట్రైనింగులో చెప్పి ఉండరు. ఆమె కేక పెట్టి లోపలికి దూకి, అన్నం బల్ల ఎక్కింది. కుక్కలు కూడా లోపలికి వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నాయి. బిడ్డ "బౌ" అన్నాడు. అది వాడి మొదటి మాట.

"ప్రేమలీలా! పట్టుకో! నీ బిడ్డను నువ్వు పట్టుకో!"

"మూడేళ్ళన్నావు గదా వదినా?"

"మూడు నిమిషాలు గూడా వద్దు! తీసకపో తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

ప్రేమలీల కుక్కల మధ్యనుంచి నడిచి వెళ్ళి బిడ్డను అందుకుంది. కుక్కలంటే తనకు భయమని బస్సెక్కిన తరవాత గానీ ఆమెకు గుర్తు రాలేదు. బస్సులో వాళ్ళ పక్కన ఎవరూ కూర్చోలేదు. బండి విషయం తిమోతి గారు ఏమన్నాడో తెలియదు. కుక్కలను చూసి మేడ ఎక్కిన మనిషి కిందికి దిగనేలేదు.

బుచ్చిరెడ్డిపాలెం వైపు వెళ్ళేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఒక్క ఉపకారం చేయండి. ఆ ఇంటి కిటికీలోంచి రెబెక్కమ్మ గారిని ఒకసారి చూసి రండి. ఆమె బల్ల దిగి ఉంటే వెంటనే కబురు పెట్టండి, ప్రేమలీల తలుపు గడియ వేసుకోవాలి.