బొమ్మల మేడమ్ చూడని బొమ్మ

ఆ రోజుకి బొమ్మల మేడమ్ పెట్టుకున్నవి రెండే రెండు పనులు. పదకొండు గంటలకు కమిటీ ముందు ఒక పాప ఫైలు మూయించి, ఆ పాపను తండ్రితో ఇంటికి పంపడం ఒకటి. నాలుగు గంటలకు కూతురి బడికి వెళ్ళి, పిల్లలు గీసిన బొమ్మల ప్రదర్శన చూడడం రెండోది. మొదటి పని గురించి ఆఫీసులో ఎవరికీ అనుమానం లేదు. రెండోదాని గురించి ఇంట్లో అందరికీ ఉంది. ఇంతకు ముందు మూడుసార్లు వస్తానని చెప్పి మూడుసార్లూ ఎగ్గొట్టిన చరిత్ర ఆవిడది.

ఆవిడ మునిసిపల్ ఆఫీసు బాలల సంక్షేమ విభాగంలో పదహారేళ్ళుగా పనిచేస్తోంది. ఇంట్లో ఆలనాపాలనా లేని పిల్లల బాగోగులు చూడడం ఆవిడ ఉద్యోగం. ఏ ఇంటికి వెళ్ళినా ముందు పిల్లల చేతికి ఒక కాగితం, రంగు పెన్సిళ్ళ డబ్బా ఇచ్చి "మీ ఇల్లు గీయండి" అంటుంది. ఆ బొమ్మలో ఎవరెక్కడ ఉన్నారు, ఎవరు లేరు, ఎవరికి చేతులు లేవు అన్నది చూసి ఆ ఇంటి గుట్టంతా చెప్పేస్తుంది. అందుకే అందరూ బొమ్మల మేడమ్ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

ఫైలు మూసేముందు పిల్లలు గీసే చివరి బొమ్మకు ఆవిడే ఒక నియమం పెట్టింది. ఆ బొమ్మను పిల్లలు ఒంటరిగా గీసి, కాగితం బోర్లించి ఇవ్వాలి. దాన్ని కమిటీ ముందే మొదటిసారి తిప్పాలి. ముందే చూస్తే మనసులో ఏదో ఒక అభిప్రాయం పడిపోతుందని ఆవిడ భయం. నియమం మంచిదే. కాకపోతే ఆ పొద్దున్న ఫైల్లోని పాప గీసిచ్చిన చివరి బొమ్మ ఇంట్లో భోజనాల బల్ల మీద బోర్లా పడి ఉంది.

"అమ్మా, నా బొమ్మ చూడవా?" అంది ఎనిమిదేళ్ళ కూతురు, ఇంకో కాగితాన్ని అదే బల్ల మీద పెడుతూ.

"సాయంత్రం బళ్ళో గోడ మీద చూస్తానుగా తల్లీ!" అంది బొమ్మల మేడమ్, ఫైలు తాడు విప్పుతూ.

"నిజంగా వస్తావా?"

"ఒట్టు."

"పోయినసారి కూడా ఒట్టే అన్నావు."

"మాటలు తర్వాత, ముందు ఆ పాలు తాగు. టైమైపోతోంది" అన్నాడు భర్త. బల్ల మీదున్న కాగితం చుట్టి, రబ్బరు బ్యాండు వేసి కూతురి సంచిలో పెట్టాడు. బొమ్మల మేడమ్ మిగిలిన కాగితాన్ని నియమం ప్రకారం తిప్పకుండానే ఫైల్లో పెట్టింది. రెండూ ఒకే రకం కాగితాలు. ఆఫీసు కాగితాలు, ఆఫీసు రంగు పెన్సిళ్ళు ఇంటికి తెచ్చే అలవాటు ఆవిడకు ఉంది మరి. భార్యాభర్తల్లో ఎవరో ఒకరు ఒక్కసారి తిప్పి చూసి ఉంటే ఎవరి బొమ్మ వాళ్ళకు చేరేది. ఇద్దరికీ తీరిక లేదు.

ఫైల్లోని పాప తండ్రి బేకరీ మాస్టరు. రెండేళ్ళ క్రితం భార్య పోయింది. ఆయనకు రాత్రి డ్యూటీ కావడంతో పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటోందని తెలిసి, ఆఫీసువాళ్ళు పాపను మేనత్త ఇంట్లో పెట్టారు. పిల్ల కోసం ఆయన యజమాని కాళ్ళావేళ్ళా పడి పగటి డ్యూటీకి మారాడు. ఇక ఇంటికి పంపడమే తరువాయి. పదిన్నరకే తండ్రీ కూతుళ్ళు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. బట్టలన్నీ సర్దిన ఎర్ర సంచిని పాప కింద పెట్టనివ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుంది. మేనత్త ఇంటి నుంచి అలాగే మోసుకొచ్చిందట.

లోపల బొమ్మల మేడమ్ కాగితం వెనక పెన్సిలుతో ఫైలు నంబరు వేసింది. పిల్లల పేర్లు బొమ్మల మీద రాయకూడదు, అది ఇంకో నియమం. అప్పుడు కాగితం తిప్పి ఛైర్మన్ ముందు పెట్టింది. పెట్టి తనే తెల్లబోయింది.

బొమ్మలో ఒక బల్ల, దాని ముందు ఒక పిల్ల ఒంటరిగా. ఎదురుగా ఖాళీ కుర్చీ. గోడ మీద పిల్లకంటే పెద్ద గడియారం. మూల స్టవ్ దగ్గర ఎవరో పక్కకు తిరిగి ఏదో వండుతున్నారు. కాగితం అంచున తలుపు. ఆ తలుపులోంచి ఒక చెయ్యి, ఆ చేతికి ఒక సంచి. మిగతా మనిషి కాగితం దాటి వెళ్ళిపోయింది.

"ఏమిటమ్మా ఇది? అంతా బాగుందన్నావు!" అన్నాడు ఛైర్మన్.

"నేనూ అలాగే అనుకున్నాను సార్." బొమ్మల మేడమ్ గొంతు సవరించుకుంది. "ఈ పిల్ల ఎదురుచూపులతో అలిసిపోయింది. గడియారం చూడండి ఎంత ఉందో. వెళ్ళిపోతున్న మనిషికి ముఖం గీయలేదు. ఆ ముఖాన్ని తీరిగ్గా చూసే అవకాశమే దొరకనట్టుంది. ఖాళీ కుర్చీ ఆ మనిషిదే. నాకు గుండె తరుక్కుపోతోంది సార్."

"స్టవ్ దగ్గరున్నదెవరు?"

"మేనత్త అయ్యుంటుంది."

"మీసాలున్నాయే?"

"పిల్లలు అలాగే గీస్తారు సార్" అంది మేడమ్ అనుభవంతో.

బొమ్మ పెద్దవాళ్ళకు చూపిస్తే పిల్ల మీద కోప్పడతారని ఇంకో నియమం ఉంది. అందుకని మాస్టర్ని పిలిచి బొమ్మ చూపించకుండానే అడగడం మొదలుపెట్టాడు ఛైర్మన్.

"మీరు రోజూ బయటికి వెళ్తారా?"

"పనికి వెళ్ళాలి కదండీ. ఇప్పుడు పగలే."

"చేతిలో సంచి ఉంటుందా?"

మాస్టరు కాస్త తడబడ్డాడు. "ఉంటుందండీ. మధ్యాహ్నానికి డబ్బా పెట్టుకుంటాను."

ఛైర్మన్ పక్కవాళ్ళ వైపు అర్థవంతంగా చూశాడు. వాళ్ళూ అంతే అర్థవంతంగా తలలూపారు.

"మీ అక్కగారికి మీసాలున్నాయా?"

"సార్?" అన్నాడు మాస్టరు. ఆ ప్రశ్నకు ఏం చెబితే పిల్ల దక్కుతుందో తెలియక, "ఉండకూడదాండీ?" అని అడిగాడు దీనంగా.

ఇంకో ఆరు నెలలు పాప మేనత్త ఇంట్లోనే ఉండాలని, పర్యవేక్షణ కొనసాగాలని పావుగంటలో తేల్చేశారు. మాస్టరు అందరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. అరుస్తాడని సిద్ధపడిన బొమ్మల మేడమ్‌కు అదే ఎక్కువ బాధ కలిగించింది. వరండాలో పాప సంచితో సహా లేచి నిలబడింది.

"నేను బొమ్మ తప్పు గీశానా మేడమ్? మళ్ళీ గీయనా?"

"బొమ్మల్లో తప్పులుండవమ్మా" అంది బొమ్మల మేడమ్. పదహారేళ్ళుగా ఎందరికో చెప్పిన మాటే.

ఇక్కడ ఇలా ఉండగా, అక్కడ బళ్ళో టీచరు రబ్బరు బ్యాండు విప్పి నిలువునా నీరైపోయింది. ఎత్తు టోపీ పెట్టుకున్న ఒక మగమనిషి, చాటలంత చేతులు. ఆయన పక్కన స్టూలెక్కి నవ్వుతున్న పిల్ల. తలుపు దగ్గర ఖాళీ ఎర్ర సంచి. గోడకు తగిలించిన ఫోటోలో ఒక స్త్రీ. తల్లి ఫోటోలో ఉందంటే దాని అర్థమేమిటి? రెండేళ్ళలో ఆ తల్లిని టీచరు ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడు కబురు పెట్టినా తండ్రే వచ్చేవాడు. పాపం, ఇన్నాళ్ళూ దాచాడన్నమాట!

పిల్లనే అడిగితే సరిపోయేది. కానీ పోయిన నెలే మునిసిపల్ ఆఫీసు అన్ని బళ్ళకూ ఒక కరపత్రం పంపింది. "బొమ్మలో తల్లిగానీ తండ్రిగానీ ఉండవలసిన చోట లేకపోతే పిల్లలను ఏమీ అడగకండి. వెంటనే మాకు ఫోన్ చేయండి" అని అందులో పెద్దక్షరాలతో ఉంది. రాసింది బొమ్మల మేడమే. టీచరు అక్షరం తప్పకుండా పాటించింది.

ఫోను తీసింది చేరి మూడు వారాలైన కొత్తమ్మాయి. ఫిర్యాదు వచ్చిన రోజే ఇల్లు చూడాలన్నది ఆఫీసు పద్ధతి. బడికి వెళ్ళి బొమ్మ తీసుకుంది, చిరునామా రాసుకుంది, ఇంటికి వెళ్ళింది. ఇంటికి తాళం. ఎదురింటి పిన్నిగారు మాత్రం తలుపు తీసే ఉన్నారు. ఆవిడ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది.

"ఆ ఇంట్లో పాప తల్లి ఉన్నారాండీ?" అని అడిగింది కొత్తమ్మాయి మెల్లగా.

"ఉందనే అంటారమ్మా."

"మీరు చూశారా?"

"అబద్ధమెందుకూ, పోయిన నెల్లో ఒక ఆదివారం చూశాను. అదీ వీపు వైపు నుంచి."

కొత్తమ్మాయి ఫారంలో "తల్లి ఉన్నట్టు స్థానికుల నమ్మకం" అని రాసుకుని ఆఫీసుకి పరుగెత్తింది.

మూడున్నర. బొమ్మల మేడమ్ ఆరు నెలల ఉత్తర్వు టైపు చేయించి, సంచి భుజాన వేసుకుని లేచింది. ఇప్పుడు బయల్దేరితే పది నిమిషాలు ముందే బళ్ళో ఉండొచ్చు. ఈసారి కూతురి ముందు తలెత్తుకుని నిలబడొచ్చు. అప్పుడే కొత్తమ్మాయి రొప్పుతూ ఎదురొచ్చింది.

"మేడమ్, ఒక్క నిమిషం. ఈ బొమ్మ మీరొకసారి చూడాలి."

ఇంకెవరి బిడ్డకో కష్టమంటే ఆవిడకు కాలు కదలదు. కూర్చుంది, బొమ్మ చూసింది. చూస్తుండగానే ముఖం వికసించింది.

"ఈ పిల్లకేం కష్టం లేదమ్మా! తండ్రి చేతులు చూడు, ఎంత పెద్దవో. ప్రాణంగా చూసుకుంటున్నాడు. తల్లి పోయినా ఫోటోలో నవ్వుతోంది. సంచి ఖాళీగా ఉందంటే బట్టలన్నీ సర్దేసుకుని ఇక ఎక్కడికీ వెళ్ళనంటోంది. ఇలాంటి పిల్లను రేపే ఇంటికి..." ఆవిడ ఆగింది. వేలు ఆ ఎత్తు టోపీ మీదే ఉండిపోయింది. "ఇది మా బేకరీ మాస్టరు కదూ? ఇది నీకెక్కడిది?"

"బళ్ళో ఇచ్చారు మేడమ్. పార్కు వెనక వీధి పాపట. మూడో అంతస్తు, ఆకుపచ్చ తలుపు. ఎదురింటి పిన్నిగారు..."

మిగతాది బొమ్మల మేడమ్ వినలేదు. ఫైలు తెరిచి పొద్దుటి బొమ్మ బయటికి తీసింది. ఖాళీ కుర్చీకి ఒక కాలి కింద పుస్తకం పెట్టి ఉంది. ఆ పుస్తకం తను పెట్టిందే. స్టవ్ దగ్గరి మీసాలు తనకు పదకొండేళ్ళుగా పరిచయం. తలుపులోంచి వెళ్ళిపోతున్న చేతికున్న సంచికి జిప్పు ఊడి, పిన్నీసు పెట్టి ఉంది. ఆవిడ తన భుజాన వేలాడుతున్న సంచి వైపు చూసింది. పిన్నీసు అక్కడే ఉంది. పొద్దున్న నలుగురి ముందు గుండె తరుక్కుపోయింది కానీ గుర్తుపట్టలేకపోయింది. అంతకంటే సిగ్గుచేటు ఆవిడకు జీవితంలో ఇంకేదీ జరగలేదు.

గడియారం మూడు నలభై చూపిస్తోంది. ఛైర్మన్ నాలుగున్నరకు వెళ్ళిపోతాడు. తర్వాత మూడు రోజులు సెలవులు. బడికి వెళ్తే ఉత్తర్వు ఆగదు, ఉత్తర్వు ఆపితే బడి లేదు. ఆవిడ ఛైర్మన్ గది వైపే నడిచింది. నాలుగో ఒట్టు కూడా అక్కడితో తీసి గట్టున పెట్టినట్టే అయింది.

ఛైర్మన్ నోరెళ్ళబెట్టి విని, ఉత్తర్వు రద్దు చేసే ఫారం ఇచ్చాడు. అందులో "పొరపాటుకు కారణం" అని ఒక గడి ఉంది. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "నా కూతురు పొద్దున్న చూడమన్న బొమ్మను నేను చూడలేదు" అని రాసింది. ఛైర్మన్ చదివి, సంతకం పెట్టి, "మీసాలు మీ ఆయనవా?" అని మాత్రం అడిగాడు.

ఆవిడ వెళ్ళేసరికి బేకరీ మాస్టరు అక్కగారి ఇంటి మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. కాగితం రెండుసార్లు చదివించుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. లోపల ఎర్ర సంచి ఖాళీ అయి గోడకు వేలాడుతోంది. పాప మళ్ళీ బట్టలు సర్దుకుంటుంటే బొమ్మల మేడమ్ మడతలు పెట్టి ఇచ్చింది.

"నీ బొమ్మలో తప్పేం లేదమ్మా. తప్పు నాది. నువ్వు చాలా బాగా గీశావు" అంటూ తన దగ్గరున్న రంగు పెన్సిళ్ళ డబ్బా పాప చేతిలో పెట్టబోయింది.

పాప చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దండీ. ఇంక నేను బొమ్మలు గీయను" అంది మర్యాదగానే. తండ్రి వేలు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. బొమ్మల మేడమ్ ఆ డబ్బాతో అక్కడే నిలబడిపోయింది. ఫైలు మూయించగలిగింది కానీ ఆ పిల్ల మూసేసిన దాన్ని ఆవిడ ఎప్పటికీ తెరవలేకపోయింది.

ఇంటికి చేరేసరికి ఆరున్నర. కూతురు బల్ల దగ్గర కూర్చుని ఉంది, ఒంటరిగా. స్టవ్ దగ్గర మీసాలు. ఎదురుగా ఖాళీ కుర్చీ.

"నా బొమ్మ పెట్టాల్సిన చోట గుండుసూదులే ఉన్నాయమ్మా. నేను అక్కడే నిలబడ్డాను, నువ్వొచ్చి వెతుక్కుంటావని."

బొమ్మల మేడమ్ సంచి కింద పెట్టి, కాలి కింద పుస్తకం ఉన్న కుర్చీలో కూర్చుంది. "నీ బొమ్మ చూశాను తల్లీ. చాలాసేపు చూశాను."

"బాగుందా?"

"ఉన్నది ఉన్నట్టు గీశావు" అంది ఆవిడ. భర్త స్టవ్ కట్టేసి, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

బడి నుంచి వచ్చిన ఫోనుతో బొమ్మల మేడమ్ ఇంటి మీదా ఒక ఫైలు తెరుచుకుంది. ఒకసారి తెరిచిన ఫైలును ఊరికే మూయడానికి లేదు. వారానికొకటి చొప్పున మూడుసార్లు ఇంటిని చూడాలి. సాయంత్రం ఐదున్నరకు తల్లిదండ్రులిద్దరూ ఇంట్లో ఉండి తీరాలి. కొత్తమ్మాయి బెదురుతూనే మూడు వారాలూ వచ్చింది. ఆ మూడు సాయంత్రాలూ బొమ్మల మేడమ్ ఐదింటికే ఆఫీసు వదిలింది, రాతపూర్వక ఆదేశం మీద. మూడోసారి కూతురు బోర్లించి ఇచ్చిన బొమ్మను ఆవిడే తిప్పింది. కుర్చీలో మనిషి ఉంది. ముఖం మాత్రం ఇంకా సగమే గీసి ఉంది.

"అంతా బాగుంది మేడమ్, ఫైలు మూసేయొచ్చు కదా?" అంది కొత్తమ్మాయి, ఫారం ముందుకు తోస్తూ. "తల్లి అభిప్రాయం" అన్న గడిలో మీరొక్క ముక్క రాస్తే చాలంది.

బొమ్మల మేడమ్ పెన్ను తీసుకుని, పదహారేళ్ళ అనుభవంతో రాసింది: "ఇంకో ఆరు నెలలు పర్యవేక్షణ అవసరం."