ముఖానికి రెండొందలు

ఆ పొద్దున ఫోటోగ్రాఫరు చేయాల్సినవి రెండే పనులు. కుటుంబ ఫోటో కోసం వచ్చే తొమ్మిది మందికి ధర చెప్పాలి, ఆ తర్వాత ఫోటో తీయాలి. రెండోది అతనికి వచ్చు. మొదటిది రాదు. స్టూడియో తెరిచి మూడు నెలలైనా, ఎవరైనా "ఎంతండీ?" అని అడగ్గానే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయ్యేది. కాసేపు నీళ్ళు నమిలి "మీ ఇష్టమండీ" అనేవాడు. వచ్చినవాళ్ళు నిజంగానే తమ ఇష్టం వచ్చినంత చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. ఎక్కువ ఇవ్వడం వాళ్ళలో ఎవరికీ ఇష్టం లేకపోయింది.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఇంటి ముందుగదిలో గోడకు ఒక బూడిదరంగు గుడ్డ, స్టాండ్ల మీద రెండు లైట్లు, ఒక స్టూలు. ముందుగదిలో ఉండాల్సిన సోఫా పడగ్గదిలోకి వెళ్ళడంతో, రాత్రి పడుకోవాలంటే సోఫా ఎక్కి దిగాల్సి వచ్చేది. పదిహేనేళ్ళు లెక్కలు రాసిన ఆఫీసు మూతపడ్డప్పుడు, చేతికొచ్చిన డబ్బుతో కెమెరా కొన్నాడు. మనుషుల ముఖాలు తీయాలని అతనికి ఎప్పటినుంచో కోరిక. భార్య అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడూ ఏమీ అనడం లేదు గానీ, సోఫా ఎక్కేటప్పుడు గట్టిగా నిట్టూరుస్తోంది.

ఆవిడ అన్నగారికి ఇనుప సామాన్ల కొట్టుంది. "నెలాఖరుకల్లా ఇల్లు గడిచే దారి కనపడకపోతే, ఒకటో తారీఖు నుంచి వచ్చి నా కొట్లో కూర్చో బావా" అని ఆయన ఎంతో ప్రేమగా చెప్పాడు. ఆ రోజే నెలాఖరు. మిగిలిన జీవితమంతా మేకులు తూచడం ఫోటోగ్రాఫరు కళ్ళ ముందు మెదులుతూనే ఉంది.

"ఏమండీ, ధర ముందే చెప్పండి. తీశాక నసిగితే లాభం లేదు. సాయంత్రం అన్నయ్య వస్తానన్నాడు" అంది భార్య వంటింట్లోంచి.

"చెప్తాలే."

"పోయినసారీ చెప్తాలే అనే అన్నారు. వాళ్ళిచ్చినదానికంటే మనం వాళ్ళకిచ్చిన కాఫీలకే ఎక్కువైంది."

నోరు పెగలనివాడికి రాత ఉండనే ఉంది కదా అని, ధర అట్టముక్క మీద రాసి గుమ్మం పక్కన తగిలిద్దామనుకున్నాడు. అయితే ఎంత రాయాలి? పక్కింటి టైలరును అడిగాడు. పాతికేళ్ళుగా వ్యాపారంలో ఉన్న మనిషి.

"ఇందులో ఆలోచించేదేముందండీ? నేను ఎన్ని చొక్కాలైతే అన్నిటికి లెక్క కడతా. మీరు ఎన్ని ముఖాలైతే అన్నిటికి కట్టండి. పిల్లలకి సగం. గుడ్డ తక్కువ పడుతుంది కదా" అన్నాడు టైలరు, కత్తెర ఆపకుండా.

ఫోటోకు గుడ్డతో పని లేదన్న సంగతి ఫోటోగ్రాఫరుకు తట్టలేదు. 'పెద్ద ముఖం రెండు వందలు, చిన్న ముఖం వంద' అని ముచ్చటగా రాసి తగిలించాడు. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి చదివింది.

"ఇదేంటండీ, కాలీఫ్లవర్ అమ్ముతున్నట్టు?"

అంతలో కాలింగ్ బెల్ మోగింది.

వచ్చినవాళ్ళలో ముఖ్యురాలు ఎనభయ్యేళ్ళ పెద్దావిడ. తన మంచానికి ఎదురుగా, అందరూ కలిసి ఉన్న ఫోటో ఒకటి పెట్టుకోవాలని ఆవిడ కోరిక. వెనకే ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, కూతురు, అల్లుడు, కాలేజీ చదివే మనవరాలు, చంటి మనవడు. డబ్బులిచ్చేది పెద్దకొడుకు. ఆయన బ్యాంకు మేనేజరు. పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి, మిగతావాళ్ళను చుట్టూ నిలబెట్టి, లైట్లు సర్దేసరికి ఫోటోగ్రాఫరుకు చెమటలు పట్టాయి. సరిగ్గా అప్పుడే పెద్దకొడుకు కళ్ళు అట్టముక్క మీద పడ్డాయి.

"ముఖాల లెక్కా?"

"అవునండీ" అన్నాడు ఫోటోగ్రాఫరు. అంతమాత్రం అనగలిగినందుకు తనలో తానే పొంగిపోయాడు.

పెద్దకొడుకు వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "బాబు నిద్రపోతున్నాడు. తల భుజం మీదుంది, ముఖం ఎటూ కనపడదు. వాణ్ణి తీసేయండి."

"తీసేయడమేంటి బావగారూ, వాడు మనిషి కాదా?" అంది చిన్నకోడలు.

"మనిషేనమ్మా. ముఖం లెక్కలోకి రాదంటున్నా, అంతే" అని, ఆయన తన కూతురి వైపు తిరిగాడు. "నువ్వు నానమ్మ కుర్చీ వెనకాల కూర్చో."

"అలా అయితే నేను కనపడను కదా నాన్నా?"

"నేనూ అదే కదా చెప్తున్నది."

ఆ అమ్మాయి వెళ్ళి కూర్చుంది. ఆయనకు ఉత్సాహం వచ్చింది. "ఇక మన అల్లుడుగారు. ఆయనకి ఫోటోలంటే పెద్దగా ఇష్టం ఉండదు. పక్కన నిలబడి చూస్తారు."

ఈ ఫోటో కోసమే కొత్త కోటు కుట్టించుకుని, ఆ ఎండలో దాన్ని తొడుక్కుని వచ్చిన అల్లుడు ఎర్రబడ్డాడు. "నాకిష్టం లేదని ఎవరు చెప్పారు మీకు?"

"అంటే ఏంటన్నయ్యా? మా ఆయన ముఖం రెండొందలు చెయ్యదా?" అంది కూతురు.

అప్పుడు ఫోటోగ్రాఫరు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ మూడు నెలలుగా పెగలని నోరు ఆ క్షణానే పెగిలింది.

"అల్లుడుగారికి సగమే వేసుకుంటానండి."

"సగమా? అంటే నాది చిన్న ముఖమా?"

"అబ్బే, కాదండీ. పోనీ, మీకు ఊరికే తీస్తా."

"ధర్మానికి తీయించుకునే గతి పట్టలేదు నాకు!"

"అయితే మూడొందలు తీసుకుంటానండీ, సరేనా?"

"ఏమయ్యా, మా అందరికంటే ఆయన ముఖం ఎక్కువైందా నీకు?" అన్నాడు పెద్దకొడుకు. ఆయన అండీలు అక్కడితో అయిపోయాయి.

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. మాటలు ముఖాల మీంచి ఎవరో పట్టుకెళ్ళిన పాత ఫ్రిజ్ మీదికి, ఫ్రిజ్ మీంచి తండ్రి వదిలి వెళ్ళిన కారు మీదికి, అక్కణ్ణుంచి తల్లి కంటి ఆపరేషన్ నాడు ఆసుపత్రికి ఎవరు రాలేదన్నదాని మీదికి పోయాయి. "నీ పక్కన నిలబడి నేను ఫోటో దిగను" అన్నాడు చిన్నకొడుకు. "నిన్నెవడు దిగమన్నాడు?" అన్నాడు పెద్దకొడుకు. "నేను లేవొచ్చా?" అంది మనవరాలు కుర్చీ వెనకాల్నుంచి.

ఫోటోగ్రాఫరుకు నీరసం ముంచుకొచ్చింది. మేకుల్లో ఎన్ని సైజులుంటాయో సాయంత్రం ఇనుప కొట్టు బావగారిని అడగాలనుకుంటూ లైటు ఆర్పబోయాడు.

"ఆగండి" అన్నాడు అల్లుడు. కోటు సర్దుకుని స్టూలు మీద కూర్చున్నాడు. "నన్నొక్కణ్ణే తీయండి. పెద్ద ముఖమే. పూర్తి ధర ఇస్తా."

అల్లుడు దిగాక కూతురు దిగకుండా ఉంటుందా? ఆవిడ తర్వాత చిన్నకొడుకు, చిన్నకోడలు, ఈలోగా నిద్రలేచిన బాబు, కుర్చీ వెనకనుంచి విడుదలైన మనవరాలు, పెద్దకోడలు వరసగా దిగారు. అందరూ దిగాక తానొక్కడే మిగిలిపోతే నామోషీ అని చివరికి పెద్దకొడుకూ స్టూలెక్కాడు. పక్కన ఎవరూ లేకపోయేసరికి ఒక్కొక్కరి ముఖం ఎంత తేటపడిందో! అంతసేపూ అరిచిన మనుషులేనా వీళ్ళు అనిపించింది. ఫోటోగ్రాఫరు కొట్టునూ మేకుల్నీ మరిచిపోయాడు. "గడ్డం కాస్త దించండి, ఆఁ, అంతే" అంటూ ఒళ్ళు తెలియకుండా తీశాడు. ఎవరి డబ్బులు వాళ్ళిచ్చి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

తలుపు వేసి వెనక్కి తిరిగిన ఫోటోగ్రాఫరు ఉలిక్కిపడ్డాడు. పెద్దావిడ కుర్చీలోనే ఉంది. అమ్మను తమ్ముడు తీసుకొస్తాడని అన్న, అన్న తీసుకొస్తాడని తమ్ముడు, ఇద్దరూ తీసుకొస్తారని కూతురు వెళ్ళిపోయినట్టున్నారు.

"అమ్మగారూ, మీవాళ్ళు..."

"వస్తార్లే బాబూ. గుర్తొచ్చాక వస్తారు. ఈలోగా నన్నూ ఒకటి తీసి, వీళ్ళందర్నీ నా చుట్టూ పెట్టి ఒకే ఫోటోగా అతికించగలవా?"

"కంప్యూటర్లో చెయ్యొచ్చండీ."

"ఎంతవుతుంది?"

వెలక్కాయ మళ్ళీ గొంతులో పడింది. "మీ ఇష్ట..."

"నా ఇష్టం సంగతి ఎత్తకు. అది ఇందాక చూశావుగా. అక్కడ రాసిపెట్టావు కదా, తొమ్మిది ముఖాలకీ ఆ లెక్కే వెయ్యి."

"వాళ్ళు ఇచ్చేశారు కదమ్మా. మళ్ళీ ఎందుకు?"

"వాళ్ళు ఎవరి ముఖానికి వాళ్ళిచ్చుకున్నారు. నాకు వాళ్ళందరూ కావాలి. అందుకని నేనిస్తున్నా" అని, ఆవిడ చేతిసంచి తెరిచి నోట్లు లెక్కపెట్టింది. "పసివాడికి సగం అనకు. వాడికీ పూర్తిగానే తీసుకో."

ఫోటోగ్రాఫరుకు కళ్ళు చెమర్చాయి. వద్దనడానికి నోరు రాలేదు, తీసుకోవడానికి చెయ్యి రాలేదు. కాఫీ తెచ్చిన భార్య వచ్చి ఆ నోట్లు అందుకుంది.

కాసేపటికి కొడుకులిద్దరూ ఒకేసారి రొప్పుతూ వచ్చారు. మరిచిపోయింది నువ్వంటే నువ్వని గుమ్మంలోనే మొదలుపెట్టి, తల్లిని చెరో చెయ్యీ పట్టుకుని మెట్లు దింపేదాకా ఆపలేదు.

సాయంత్రం బావగారు వచ్చేసరికి ఫోటో తయారై బల్ల మీదుంది. మధ్యలో పెద్దావిడ, అటు పెద్దకొడుకు, ఇటు చిన్నకొడుకు భుజాలు రాసుకుంటూ, కోటులో అల్లుడు, అందరి ముఖాల్లో చల్లటి నవ్వు. బావగారు దాన్ని లైటు కిందికి తీసుకెళ్ళి చూశాడు. కొట్టు మాట ఎత్తడం మరిచిపోయాడు.

"ఎంత అన్యోన్యంగా ఉన్నారు బావా! మా ఇంట్లో ఏ ఇద్దరినీ ఇలా నిలబెట్టలేం. మాకూ ఇలాంటిదే తీసిపెట్టు. ఎంత తీసుకుంటావు?"

"ముఖానికి రెండొందలు, అతికించడానికి ఇంకో రెండొందలు" అన్నాడు ఫోటోగ్రాఫరు. అంత సులువుగా చెప్పినందుకు తనకే ఆశ్చర్యమేసింది. "ఒక్కొక్కళ్ళనీ వేరువేరు రోజుల్లో పంపండి."

బావగారు బయల్దేరుతూ ఫోటో వైపు ఇంకోసారి చూసి, ఇంత కలివిడిగా ఉన్న కుటుంబాన్ని తానెక్కడా చూడలేదన్నాడు.

ఆ మాటకొస్తే, ఆ కుటుంబం కూడా చూడలేదు.